పాత బోర్డు కోసిన అచ్చులు

లేజరు యంత్రం ముందు నిలబడాలంటే నాకు చివరి రోజు దాకా భయమే. మూత వేసి ఉన్నా, చల్లబరిచే నీళ్ళ పంపు తిరుగుతున్నా, కళ్ళద్దాలు పెట్టుకున్నా ఏదో ఒకటి మరిచిపోయానేమోనని మళ్ళీ చూసుకునేదాన్ని. ఇంటికి తాళం వేసి సందు చివరి దాకా వెళ్ళి, గ్యాసు కట్టేశానో లేదోనని వెనక్కి వచ్చే మనిషిని నేను. పాప పుట్టాక అది ఇంకా పెరిగింది. అలాంటిదాన్ని ఒక యంత్రం పొట్ట విప్పి దాని బుర్ర మార్చానంటే మా చెల్లెలు ఇప్పటికీ నమ్మదు.

ఎలక్ట్రానిక్స్ చదివి, హైదరాబాదు వెళ్ళే వీలు లేక, ఉన్న ఊళ్ళోనే ఏదో ఒక దుకాణంలో పనికి కుదిరే అమ్మాయిలు ఇప్పుడు చాలామంది కనబడుతున్నారు. కుదిరిన మొదటి వారంలోనే "ఇంత చదివి ఇదా?" అని మిమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతారు. నన్నూ అడిగారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కూడా జవాబు అని చెప్పలేను గానీ, చెప్పుకోవడానికి ఈ సంగతి ఒకటి ఉంది.

మా దుకాణం నిజామాబాదు బస్టాండుకు దగ్గర్లో ఒక సందులో ఉండేది. షీల్డులు, నేమ్‌ప్లేట్లు, పెళ్ళికార్డులు, కొత్త ఇళ్ళ గుమ్మాల మీద పెట్టే పేర్లు చేసేవాళ్ళం. యజమానిని ఊరంతా సేటు అనేది, నేను అన్నా అనేదాన్ని. బోధన్ వైపు నుంచి వచ్చినవాళ్ళతో తెలుగులో, సరిహద్దు దాటి వచ్చినవాళ్ళతో మరాఠీలో, బేరమాడేవాళ్ళతో ఉర్దూలో మాట్లాడేవాడాయన. లేజరు యంత్రం నడిపేది ఇంకో అన్న. ఆదివారం మెథడిస్టు చర్చిలో పాటలు పాడేవాడు. యంత్రం లోపలి అద్దాలు తుడిచేటప్పుడు కూడా అవే పాటలు సన్నగా అందుకునేవాడు. నేను కంప్యూటరు మీద బొమ్మ గీసి ఇస్తే ఆయన కోసేవాడు. దుకాణానికి మేం ముగ్గురమే.

యంత్రం గొప్పదేం కాదు. బల్ల మీద పట్టే నీలం డబ్బా, చవక చైనా సరుకు. హైదరాబాదులో ఎవరో కొని వాడలేక వదిలేస్తే సేటు తెచ్చుకున్నాడు. లోపల ఒక గాజు గొట్టం, చిన్న చిన్న అద్దాలు, ఒక కటకం ఉంటాయి. గొట్టంలో పుట్టిన కిరణం అద్దాల మీద నుంచి తిరిగి వచ్చి, కింద పెట్టిన యాక్రిలిక్ షీటునో చెక్కనో కాలుస్తూ కోస్తుంది. అది ఎటు కదలాలో, ఎప్పుడు కాల్చాలో చెప్పేది వెనక అరలో ఉండే బోర్డు. ఆ బోర్డు తన వెంట వచ్చిన సాఫ్ట్‌వేర్ మాట తప్ప ఇంకొకరి మాట వినదు. ఆ సాఫ్ట్‌వేర్ మా పాత కంప్యూటరు మీద తప్ప ఎక్కడా నడవదు.

నేను ఆ దుకాణంలో చేసిన పనులన్నిట్లో నాకు ఎక్కువ గర్వంగా ఉండేది బీడీ అచ్చుల గురించి. మా అత్తమ్మ బీడీలు చేస్తుంది. తునికాకు నానబెట్టి, దాని మీద ఇనుప రేకు అచ్చు పెట్టి, చుట్టూ కత్తెరతో కోయాలి. ఆ ముక్కలోనే తంబాకు పోసి చుట్టేది. తడి ఆకుతో ఆ ఇనుము తుప్పు పట్టి అత్తమ్మ వేళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఒక రోజు షీల్డులు కోయగా మిగిలిన యాక్రిలిక్ ముక్క కనబడితే, ఇంటి అచ్చును కొలిచి అదే కొలతలో ఒకటి కోయించి తీసుకెళ్ళాను. అది అద్దంలా ఉండటం వల్ల కింద ఆకు కనిపిస్తుంది. ఈనె ఎక్కడుందో, చిల్లు ఎక్కడుందో చూసుకుని పెట్టుకోవచ్చు.

కొన్నాళ్ళకు అత్తమ్మ అంది: "ఏం జేసినవే పిల్లా, గీ అచ్చుతోని ఆకు మిగులుతుంది!"

అది చిన్న మాట కాదు. కంపెనీ తరఫున పని ఇచ్చే టేకేదారు ఆకును జోకి, అంటే తూచి, ఇస్తాడు. ఆ ఆకుకు ఇన్ని బీడీలు తెచ్చి ఇవ్వాలని లెక్క. ఆకులో పురుగు తిన్నదీ, చినిగినదీ పోను మిగతాది చాలకపోతే బయట కొని కలపాలి. బీడీలు చేసే ఇళ్ళలో సగం గొడవలు ఆ ఆకు గురించే. అలాంటిది, ఆకు మిగలడమంటే వాడకట్టులో వార్తే. పక్కింటామె అడిగింది, ఎదురింటామె అడిగింది. తర్వాత రుద్రూర్ నుంచి, వర్ని నుంచి కూడా ఆడవాళ్ళు బస్సెక్కి మా సందు వెతుక్కుంటూ వచ్చేవారు. నేను వాళ్ళకు వివరించేదాన్ని: "కింద ఆకు కనిపిస్తుంది గనుక సరిగ్గా పెడతారు, వృథా తగ్గుతుంది." వాళ్ళు తలలూపేవారు. నా చదువు ఇన్నాళ్ళకు ఎవరికో పనికొచ్చిందనుకున్నాను.

ఒక ఎండాకాలం గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది. వచ్చేటప్పుడు ఎక్కువై వచ్చింది. పాత బోర్డు కాలింది. అదే బోర్డు దొరుకుతుందా అని సేటు ఫోన్లు చేశాడు. దొరకలేదు. నేను వేరే రకం బోర్డు పెడదామన్నాను. దాని సాఫ్ట్‌వేర్ ఏ కంప్యూటరు మీదైనా నడుస్తుంది, లోపలి లెక్కలన్నీ మనకు కనిపిస్తాయి, మార్చుకోవచ్చు.

"నువ్వు పెడ్తవా?" అన్నాడు సేటు.

"పెడతానన్నా."

"పెట్టినంక మిషన్ ఖరాబైతే?"

"ఖరాబయ్యే ఉంది కదన్నా."

యంత్రం నడిపే అన్న పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. సేటు కూడా కాదనలేకపోయాడు.

కొత్త బోర్డు పార్సిల్లో వచ్చింది. పాతదాన్ని విప్పేముందు ప్రతి తీగకూ ఫొటో తీసి, రంగు టేపు చుట్టి, పేరు రాశాను. అన్న దగ్గరుండి స్క్రూలు పట్టుకున్నాడు. నా భయం నన్ను కాపాడింది కూడా అప్పుడే. గాజు గొట్టానికి కరెంటిచ్చే పెట్టెను అసలు కలపకుండా, దాని బదులు ఒక చిన్న బల్బు పెట్టి మొదట ఆన్ చేశాను. ఎవరూ ఏమీ నొక్కకముందే బల్బు వెలిగింది. పాత బోర్డు 'కాల్చు' అని చెప్పే తీరు ఒకటి, కొత్త బోర్డుది దానికి సరిగ్గా తలకిందులు. గొట్టం కలిపి ఉంటే ఆన్ చేసిన క్షణంలోనే కిరణం వచ్చేది. అప్పుడు అన్న చెయ్యి లోపలే ఉంది. ఆయన ఆ చేతిని మెల్లగా బయటికి తీసుకుని, కాసేపు దాన్నే చూసి, "ప్రభువా" అన్నాడు. ఆ మాట పాటలా లేదు.

మీకు భయమెక్కువని ఎవరైనా ఎగతాళి చేస్తే పట్టించుకోకండి. ఈ పనిలో అది కూడా ఒక పనిముట్టే. అయితే అన్ని భయాలూ ఒక్క తీరువి కావని నాకు తర్వాత తెలిసింది.

తీరు సరిచేశాక కొలతలు చూశాం. ఒక చదరం కోయడం, వెర్నియర్‌తో కొలవడం, సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె మార్చడం, మళ్ళీ కోయడం. చివరికి మేం అడిగిన కొలతకూ, కోసిన ముక్కకూ వెంట్రుకంత తేడా కూడా లేకుండా వచ్చింది. ఆ చదరాన్ని ఇంటికి తీసుకెళ్ళి మా ఆయనకు చూపించాను. "బాగుంది, ఇదేంటి?" అన్నాడు. "చదరం" అన్నాను.

కొత్త బోర్డుతో నేమ్‌ప్లేట్లు బాగా వచ్చాయి. పెళ్ళికార్డుల మీద లతలు మునుపటికంటే సన్నగా వచ్చాయి. బీడీ అచ్చులు కూడా కోశాం. ఆడవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు.

కొన్నాళ్ళకు రుద్రూర్ వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. ముందు మా దగ్గర అచ్చు తీసుకున్న మనిషే, దాని అంచులు అరిగితే కొత్తది తీసుకెళ్ళింది. భర్త చెరుకు ఫ్యాక్టరీలో చేసేవాడట, అది మూతపడ్డాక ఇల్లు ఆమె బీడీల మీదే నడిచింది. గల్లా బల్ల మీద సంచీ పెట్టి, రెండు అచ్చులూ తీసి టకటకమని కొట్టింది.

"ఏం మందుబెట్టినవు బిడ్డా దీనికి?"

"ఏమైందవ్వా?"

"ఏమైందా? పాతదానితోని ఆకు మిగిలేది. గీ కొత్తదానితోని ఎల్తలేదు. మొన్న బీడీలు తక్కువ పడ్డయి. మల్ల తక్కువ పడితే బీడీ కార్డు కొట్టేస్తనన్నడు టేకేదారు. కార్డు పోతే పింఛను ఎవడిస్తడు, నీ సేటిస్తడా?"

సేటు పేపరు చాటుకు పోయాడు.

"ఈసారి ఆకు మంచిది కాదేమో అవ్వా" అన్నాను.

"ఆకు ఎప్పుడు మంచిదొచ్చింది గనుక?"

"అచ్చు మాత్రం అదే. చూడు, కింద ఆకు కనిపిస్తుంది కదా, కనుక నువ్వు సరిగ్గా పెడితే..." అంటూ, రెండూ ఒకటేనని ఆమెకు చూపించడానికి పాతదాన్ని కొత్తదాని మీద పెట్టాను. ఒక మూల కలిపి పట్టుకున్నాను. ఆ మూలకు ఎదురుగా రెండు వైపులా కొత్త అచ్చు అంచు గోరంత బయటికి కనబడింది.

అవ్వ నా మొహం చూసింది, అచ్చులను చూడలేదు.

పాత కంప్యూటరు పక్కనే మూల పడి ఉంది. ఆన్ చేసి ఆ పాత సాఫ్ట్‌వేర్ తెరిచాను. అందులో బోర్డు పేరు ఎంచుకునే చోట, మా కాలిన బోర్డు మీద ఉన్న అంకె కాకుండా వేరే అంకె ఉంది. మాకంటే ముందు వాడిన ఎవరో పెట్టింది. దానివల్ల ఇన్నాళ్ళూ యంత్రం ప్రతిదాన్నీ రవ్వంత చిన్నగా కోసింది. నేమ్‌ప్లేటు గోరంత తగ్గితే ఎవరికి తెలుస్తుంది? షీల్డు తగ్గితే ఎవరడుగుతారు? తునికాకు దగ్గర మాత్రం తెలుస్తుంది. ఒక్క ముక్కే వచ్చే ఆకులో, అచ్చు కాస్త తగ్గితే, అక్కడక్కడా రెండు ముక్కలు వస్తాయి. మిగిలిన ఆకు అదే. అద్దంలా కనబడటం, ఈనె చూసుకోవడం, నేను అందరికీ చెప్పిన శాస్త్రమంతా పక్కకు పోయింది.

అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. పాత యంత్రం తప్పుగా కోసిందనీ, ఇప్పుడు సరిగ్గా కోస్తోందనీ.

"అయితే తప్పుదే కొయ్యి" అంది అవ్వ.

సేటు పేపరు దించాడు. "అంతే గదా చెల్లె, జర తగ్గించి కొయ్యుండ్రి. నిమిషం పని."

నిజంగానే నిమిషం పని. కొత్త సాఫ్ట్‌వేర్ గొప్పతనమే అది, ఏ అంకె కావాలంటే ఆ అంకె పెట్టుకోవచ్చు. కానీ యంత్రం నడిపే అన్న తల అడ్డంగా ఊపాడు.

"గప్పుడు మనకు తెల్వదు సేటు. గిప్పుడు తెల్సి చిన్నగ కోస్తే, రేపు కంపెనీల బీడీలు చూసేటాయిన పట్టుకుంటే? బీడీలన్ని పారబోస్తరు. ముసలామె మీదికొస్తది, మన మీదికి కాదు."

నేను అవ్వ గురించే కాదు, అత్తమ్మ గురించి కూడా ఆలోచిస్తున్నాను. ఆమె దగ్గర ఉన్నది ఇంకా పాత అచ్చే. ఇన్నాళ్ళూ ఆమె ఇచ్చిన బీడీలన్నీ తక్కువ కొలతవే. ఎవరైనా ఒక్కసారి కొలిస్తే? నేను తెచ్చి ఇచ్చిన ముక్క వల్లే ఆమె కార్డు పోతే? అవ్వను రెండు రోజులాగి రమ్మని పంపేశాను.

ఇంట్లో అంతా చెబితే అత్తమ్మ కత్తెర ఆపలేదు. "ఇన్నొద్దులు నడిచింది గదా" అంది.

నడిచిందంటే సరైనదని కాదు కదా, అని నా బాధ. ఒక కొలత ఉంటుంది, అదేంటో అడిగి తెలుసుకుంటే పోతుంది. ఎవరికీ అనుమానం ఉండదు, నాకూ నిద్ర పడుతుంది. చదువుకున్నవాళ్ళకు వచ్చే ఆలోచనే ఇది. నేను బతిమాలితే అత్తమ్మ ఆ రోజు సగం బీడీలు పాత అచ్చుతో, సగం నేను దుకాణం నుంచి తెచ్చిన కొత్త అచ్చుతో చేసింది. మర్నాడు ఆమె వెంట నేను కూడా కార్ఖానాకు వెళ్ళాను. పాప అత్తమ్మ చంకలో ఉంది.

కార్ఖానా అంటే మీరేదో పెద్దది ఊహించుకోకండి. ఒక ఇంటి ముందు గది, తంబాకు ఘాటు, గోడ వారగా బారులు తీరి కూర్చున్న ఆడవాళ్ళు. బీడీలు సరిచూసే ఆయన చాప మీద కూర్చుని ఒక్కొక్కరి కట్టలు అందుకుంటున్నాడు. కొలబద్ద ఏదీ లేదు. కట్టను అరచేతిలో ఒకసారి దొర్లించి, రెండు బీడీలు తీసి నొక్కి, వాసన చూసి, పక్కన పెట్టేవాడు. నచ్చనివి విరిచి పారేసేవాడు. మా వంతు వచ్చింది. అత్తమ్మ రెండు రకాల కట్టలూ ముందు పెట్టింది.

పాత అచ్చువి దొర్లించాడు, పక్కన పెట్టాడు. కొత్త అచ్చువి దొర్లించాడు, వాటిలోంచి రెండు తీసి విరిచాడు.

"గివి గట్టిగ రాలేదు. ఏందక్కా, చెయ్యి తిరుగుతలేదా?"

"ముసలితనమొచ్చింది తమ్మీ" అంది అత్తమ్మ.

"మరి గవి మంచిగున్నయి గదా. గట్లనే చెయ్యి అన్నీ."

ఇన్నాళ్ళూ చిన్న ముక్కకు అలవాటుపడ్డ అత్తమ్మ చేతిలో పెద్ద ముక్క వదులుగా చుట్టుకుంది. అంటే చిన్నవే ఆయనకు నచ్చాయి. నాకు ఒక్కసారిగా ఎంతో తేలికైంది. ఆ తేలికలోనే నోరు తెరిచాను. "అన్నా, అసలు ఈ రెండింటికీ అచ్చు..."

పాప కెవ్వుమంది. మామూలు ఏడుపు కాదది, తేలు కుట్టినట్టు ఏడ్చింది. నేను కంగారుగా దాన్ని అందుకుని, భుజాన వేసుకుని బయటికి పరుగెత్తాను. తొడ మీద ఎర్రగా రెండు వేళ్ళ గుర్తు ఉంది. అత్తమ్మ లోపల తాపీగా లెక్క చూసుకుని, కొత్త ఆకు జోకించుకుని బయటికి వచ్చింది.

"పాపను గిచ్చావా అత్తమ్మా?"

"ఆఁ."

"దాన్నెందుకు గిచ్చావు?"

"నిన్ను గిచ్చితే అందరికి తెలుస్తది గదా."

నాకు ఏడుపొచ్చింది, నవ్వు కూడా వచ్చింది. పాప మాత్రం అత్తమ్మ మొహం కేసి అనుమానంగా చూస్తూ వెక్కుతోంది. అత్తమ్మ దాని తొడ నిమిరి, ముద్దు పెట్టుకుని, నడుస్తూ చెప్పింది:

"గా అచ్చు చిన్నదైనా బీడీ మంచిగనే అయితుందని నువ్వు ఆయన చెవులేస్తే ఏమైతది? ఆయన టేకేదారుకు చెప్తడు, టేకేదారు కంపెనీకి చెప్తడు. రేపటిసంది ఆకు తక్కువ జోకుతరు. గప్పుడు నువ్వింకింత చిన్న అచ్చు చేస్తవా? పురుగు తిన్న ఆకుకు, చినిగిన ఆకుకు ఎవలన్న లెక్కగడుతున్నరా మాకు? గా లెక్క గీ అచ్చుల పోతుంది. పోనియ్యి."

నేను అడగబోయిన కొలత నిజంగా లేదు. ఆయన అరచేయే కొలత. ఇన్ని ఇళ్ళ ఆడవాళ్ళు ఆ సంగతి తెలిసి మాట్లాడకుండా ఉంటే, నేను వెర్నియర్ పట్టుకుని వెళ్ళి బయటపెట్టబోయాను. చేతిని కాల్చే కిరణానికి భయపడటం నాకు వచ్చు. ఒక మంచి మాట ఎవరి కూటిని కాలుస్తుందోనని భయపడటం అప్పటిదాకా రాలేదు.

మర్నాడు దుకాణానికి బయల్దేరుతుంటే అత్తమ్మ తడి గుడ్డలో చుట్టిన ఆకు కట్ట ఒకటి నా సంచిలో పెట్టింది. తనకు మిగిలిన ఆకు. "గా రుద్రూర్ ఆమెకియ్యి. ఈ వారం గడువనియ్యి" అంది. ఆమె ఎవరో అత్తమ్మకు తెలియదు. తెలుసుకోవాలని అడగను కూడా అడగలేదు.

కంప్యూటరు ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాను. యంత్రం లెక్కలు ముట్టుకోలేదు. అవి సరిగ్గా ఉన్నాయి, అలాగే ఉండాలి. అచ్చు బొమ్మ ఒక్కటే తెరిచి, ఇంటి నుంచి తెచ్చిన అత్తమ్మ పాత అచ్చును వెర్నియర్‌తో కొలిచి, ఆ కొలతకు గీత గీశాను. ఇదివరకు నేను సరిగ్గా గీస్తే యంత్రం తప్పు చేసేది. ఇప్పుడు యంత్రం నేను గీసిందే కోస్తుంది. ఇంక తప్పు దాని మీద నెట్టడానికి లేదు.

అన్న తెర మీద అంకె చూశాడు. మొన్న వద్దన్న మనిషి. కార్ఖానాలో జరిగింది చెప్పాను, పాపను గిచ్చిన సంగతితో సహా. ఆయన యాక్రిలిక్ షీటు పెట్టి మూత వేశాడు. కోశాక అంచులు నున్నగా ఉన్నాయో లేదోనని వేలితో తడిమి, ఒక మూల గరుకుగా ఉంటే ఉప్పు కాగితంతో రుద్ది, నా చేతికి ఇచ్చాడు.

మధ్యాహ్నం అవ్వ వచ్చింది. ముందు ఆకు కట్ట ఇచ్చాను. ఎవరిదని అడిగితే మా అత్తమ్మదన్నాను. గుడ్డ విప్పి ఆకు నలిపి చూసి, మళ్ళీ చుట్టి సంచిలో అడుగున పెట్టుకుంది. తర్వాత కొత్త అచ్చు అందుకుని, పాతదాన్ని దాని మీద పెట్టి, నాలుగు వైపులా గోటితో తడిమింది. ఎక్కడా గోరు ఆగలేదు.

"సరిపోయిందా అవ్వా?"

"సరిపోయింది." బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగింది. "తగ్గించుడు నీ చేతులనే ఉన్నదంట గదా. ఇంక జరంత తగ్గించరాదు?"

"వద్దవ్వా. ఇంకా తగ్గిస్తే బీడీ దొర్లించినప్పుడు చేతికి తెలిసిపోతుంది. అప్పుడు నీకే నష్టం."

అవ్వ వంగినదల్లా మెల్లగా లేచి, నా మొహంలోకి చూసింది. మొదటి రోజు చూసిన చూపు కాదు. మూతి బిగించి నవ్వాపుకుంటోంది.

"గట్లయితే నీకంతా ఎరుకనే అన్నట్టు."

"ఎరుకే అవ్వా" అన్నాను.